మిద్దె మీది జెముడు పూలు, బ్రహ్మకమలం అనే పేరు

సంపాదకుల వారికి నమస్కారములు.

ఏటా ఆషాఢ, శ్రావణ మాసాల్లో మీ పత్రిక జిల్లా పేజీల్లో ఒక ఫోటో వస్తుంది. అర్ధరాత్రి దీపపు వెలుతురులో జానెడు వెడల్పున విచ్చుకున్న తెల్లని పువ్వు, పసుపు కుంకుమలు పెట్టిన కుండీ, దాని పక్కన చేతులు జోడించి నిలుచున్న ఇంటివారు, కింద రెండు మూడు వాక్యాలు. హిమాలయాల్లో మాత్రమే పూసే అరుదైన బ్రహ్మకమలం ఫలానా కాలనీలో ఫలానా వారి ఇంట విరబూసిందనీ, చుట్టుపక్కల వారంతా తరలివచ్చి దర్శించుకున్నారనీ ఆ వాక్యాల సారాంశం. గత వారం వచ్చిన అలాంటి ఫోటోను చూశాక ఈ ఉత్తరం రాయాలనిపించింది. ఆ ఇంటివారి సంతోషాన్ని తగ్గించాలని నేను రాయడం లేదు. ఆ పువ్వు కోసం నడిరేయి దాకా మేలుకొని కూర్చునేవారిలో నేనూ ఒకదాన్ని. అది ఏ జాతి మొక్కో, ఏ అడవి నుంచి వచ్చిందో, ఎవరి కోసం రాత్రివేళ తెరుచుకుంటుందో తెలుసుకున్న తరువాత నా సంతోషం రెట్టింపయింది. ఆ సంగతులను మీ పాఠకులతో పంచుకోవడానికి కొంత చోటు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

నేను అనంతపురంలో ఉంటాను. ముప్పై ఏళ్లకు పైగా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పి పదవీ విరమణ చేశాను. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ ఊళ్లో మిద్దె మీద తోట పెట్టాలనుకున్నప్పుడు అందరిలాగే మొదట గులాబీలు, మల్లెలు, చామంతులు తెచ్చాను. రెండు వేసవులు ట్యాంకరు నీళ్లు పోసి కూడా వాటిని నిలుపుకోలేకపోయాను. ఆ తరువాత జెముళ్ల వైపు తిరిగాను. కడియపులంక నర్సరీలకు వెళ్లిన మా తమ్ముడు తెచ్చిచ్చిన మూడు చిన్న కుండీలతో మొదలైన తోట ఇప్పుడు 60 కుండీల దాకా పెరిగింది. పొద్దున కాఫీ గ్లాసు పట్టుకొని ఆ కుండీల మధ్య తిరిగే అరగంటలో ఏదో ఒక కొత్త సంగతి కంటబడని రోజు లేదని చెబితే అతిశయోక్తి కాదు.

మనం ఇళ్లలో బ్రహ్మకమలం అని పిలుస్తున్న మొక్క ఈ జెముడు కుటుంబానికి, అంటే కాక్టస్ కుటుంబానికి చెందినది. వృక్షశాస్త్రంలో దాని పేరు ఎపిఫిల్లమ్ ఆక్సిపెటలమ్. దక్షిణ మెక్సికో మొదలుకొని గ్వాటెమాలా తదితర మధ్య అమెరికా దేశాల తేమ అడవులు దాని పుట్టిల్లు. అక్కడ అది పెద్ద చెట్ల కొమ్మల పంగల్లో, చెట్టు రసాన్ని పీల్చే బదనిక లాగా కాకుండా, కేవలం ఆసరా తీసుకొని, పంగలో పోగైన ఆకుల కుళ్లులో వేళ్లు ఊని పెరుగుతుంది. మనం ఆకులు అనుకొనేవి నిజానికి చదునుగా మారిన కాండాలు. అందుకే వాటి అంచుల గంట్ల నుంచి మొగ్గలు వస్తాయి. ఎపిఫిల్లమ్ అన్న మాటకు ఆకు మీద అని అర్థం. ఆకు మీదనే పువ్వు పూస్తున్నదని తొలినాటి పండితులు భ్రమపడడం వల్ల వచ్చిన పేరు అది. ఒక మొక్క పేరులో పొరపాటు దొర్లడం మన దగ్గరే మొదలు కాలేదన్న మాట.

అసలైన బ్రహ్మకమలం వేరు. దాని శాస్త్రీయ నామం సాసూరియా ఆబ్‌వల్లాటా. అది పొద్దుతిరుగుడు, చామంతి కుటుంబానికి చెందిన మొక్క. హిమాలయాల్లో సుమారు 3,700 నుంచి 4,600 మీటర్ల ఎత్తున, రాళ్ల మధ్య పెరిగి, వానాకాలం నడుమ పూస్తుంది. లేత పసుపు కలిసిన ఆకుపచ్చ రంగులో కాగితం వంటి పలుచని దొప్పలు ఒకదాన్నొకటి కప్పుకొని ఉంటాయి. మనకు రేకుల్లా కనిపించేవి ఆ దొప్పలే. అసలు పూలు వాటి లోపల ఊదారంగు గుత్తిగా దాగి ఉంటాయి. అది ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం. కేదారనాథుడికి అర్పించే పువ్వు అదే. మా వదినగారు కేదారనాథ్ యాత్రకు వెళ్లినప్పుడు అక్కడ పూజారి చేతిలో ఆ పువ్వును చూసి, ఇది బ్రహ్మకమలం కాదు, మా మిద్దె మీద పూసేది నాకు తెలుసు అని పక్కవారితో వాదించారట. తిరిగి వచ్చాక నన్ను అడిగారు. రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి చూపించే సరికి ఆమె చాలాసేపు మాట్లాడలేదు. ఇరవై ఏళ్లుగా తాను దీపం పెడుతున్న మొక్క మెక్సికో అడవుల నుంచి వచ్చినదని తెలిసినందుకు ఆమె మనసు కష్టపడిందేమోనని నేను భయపడ్డాను. మరునాడు ఉదయం ఆమె అడిగిన మొదటి ప్రశ్న, అంత దూరం నుంచి ఇది మన ఊరికి ఎలా వచ్చిందమ్మా అని. దీపం పెట్టడం ఆమె మానలేదు, మానవలసిన అవసరమూ లేదు.

భాష చెప్పినదాన్ని గనుక ఈ పేరు విషయంలో ఒక మాట అనకుండా ఉండలేను. కమలమంటే నీటిలో పుట్టి పెరిగేది. పంకజం, జలజం, నీరజం అన్న పర్యాయపదాలన్నీ ఆ పుట్టుకనే చెబుతాయి. మన ఇళ్లలోని మొక్కకు కుండీలో రెండు రోజులు నీరు నిలిచిందంటే వేళ్లు కుళ్లిపోతాయి. ఇలా జెముడుకు కమలం పేరు రావడం ఇదొక్కసారే జరగలేదు. ఇప్పుడు మన రైతులు పందిళ్లు కట్టి పెంచుతున్న డ్రాగన్ ఫ్రూట్ కూడా రాత్రిపూట తెల్లగా పూసే జెముడే. దానికి 2021లో గుజరాత్ ప్రభుత్వం కమలమనే పేరు పెట్టింది. మలయాళీలు మాత్రం మన ఇంటి పువ్వును నిశాగంధి అంటారు. తిరువనంతపురంలోని ఒక ప్రసిద్ధ ఆరుబయలు రంగస్థలానికి కూడా ఆ పేరే పెట్టుకున్నారు. రాత్రి పరిమళించేది అన్న ఆ మాటలో పువ్వు స్వభావమంతా ఉంది. సంస్కృత పదం గనుక మనకూ పరాయిది కాదు. అచ్చ తెలుగే కావాలంటే వెన్నెల జెముడు అనవచ్చునని నా సూచన. ఇంట్లో ఎవరు ఏ పేరుతో పిలుచుకున్నా ఆక్షేపణ లేదు గాని, పత్రికలో అచ్చయ్యే వాక్యం మాత్రం హిమాలయాల్లో మాత్రమే పూసే పువ్వు మా వీధిలో పూసింది అని చెప్పకూడదు.

ఇక ఆ పువ్వు పూసే రాత్రి గురించి. మొగ్గ బియ్యపు గింజంతగా కనిపించిన నాటి నుంచి విచ్చుకొనే దాకా సుమారు నెల రోజులు పడుతుంది. చాలా రోజులు అది తల వేలవేసుకొని ఉంటుంది. ఆఖరి రోజుల్లో దాని మెడ కొంగ మెడలా వంపు తిరిగి మొగ్గ పైకి లేస్తుంది. అలా లేచిందంటే ఇక ఒకటి రెండు రాత్రుల్లో పూస్తుందని మా ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ సాయంత్రం మొగ్గ కొస కొద్దిగా వదులవుతుంది. ఎనిమిదిన్నర, తొమ్మిది గంటల మధ్య చిన్న రంధ్రం ఏర్పడి, అందులో నుంచి మొదటి పరిమళం వస్తుంది. ఆ తరువాత కన్నార్పకుండా చూసేవారికి రేకుల కదలిక కనిపిస్తుంది. ఒక్కొక్క రేకు సన్నగా వణికి, ఆగి, మళ్లీ కదులుతుంది. పన్నెండయ్యే సరికి పువ్వు పూర్తిగా తెరుచుకొని, లోపల వందలాది కేసరాలు పొరలు పొరలుగా, వాటి మధ్య నుంచి కీలాగ్రం నక్షత్రం ఆకారంలో బయటికి వచ్చి నిలుస్తుంది. ఆ అమరికలోనే మన పెద్దలకు శేషపాన్పు కనిపించింది. తెల్లవారేసరికి పువ్వు తడిసిన గుడ్డలా వాలిపోతుంది. ఒక్క రాత్రి కోసం ఇంత శ్రమ ఎందుకని మా మనవడు ఒకసారి అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు మూడేళ్ల కిందట ఒక శ్రావణ మాసపు రాత్రి మా మిద్దె మీదికి ఎగురుకుంటూ వచ్చింది.

ఆ రాత్రి ఐదు పువ్వులు ఒకేసారి విచ్చుకున్నాయి. ఫోటోల కోసం వేసిన లైటు ఆర్పేసి చీకట్లో కూర్చున్నాం. పదకొండు గంటల వేళ పెద్ద తుమ్మెద వచ్చినట్టుగా మోత వినిపించింది. టార్చి మీద ఎర్రటి గుడ్డ కప్పి చూస్తే, బూడిద రంగు రెక్కలతో, పొట్టకు ఇరువైపులా గులాబీ రంగు పట్టీలతో, మధ్యవేలంత పొడవున్న ఒక చిమ్మట గాలిలో ఒకేచోట నిలబడి ఎగురుతూ, తన ఒంటికంటె పొడవైన తొండాన్ని పువ్వు గొట్టంలోకి దించుతున్నది. హాక్‌మాత్‌లనే చిమ్మటల్లో అదొక జాతి. దాని గొంగళిపురుగులు చిలగడదుంప తీగల మీద పెరుగుతాయి గనుక మన రైతులకు తెలిసినదే. దానికి చుట్టమైన మరో జాతి గొంగళిపురుగును మీ పాఠకుల్లో చాలామంది నందివర్ధనం, గన్నేరు ఆకుల మీద చూసే ఉంటారు. వేలెడు లావున పచ్చగా ఉండి, కదిలిస్తే తలకు దగ్గరగా నీలిరంగు కళ్ల వంటి మచ్చలు చూపించి బెదిరిస్తుంది. తెల్లని రంగు, దూరం వెళ్లే పరిమళం, పొడవైన గొట్టం, అడుగున తేనె, రాత్రి మాత్రమే తెరుచుకోవడం, ఇవన్నీ ఇటువంటి చిమ్మటల కోసం ఏర్పడిన లక్షణాలు. పుట్టిన అడవిని వదిలి, సముద్రాలు దాటి వచ్చి, అనంతపురం మిద్దె మీద పూసిన పువ్వును ఇక్కడి చిమ్మట ఒకటి వెతుక్కుంటూ రావడాన్ని చూసిన ఆ పది నిమిషాలను నేను జీవితంలో మరచిపోలేను.

రాత్రి మేలుకొనడం ఈ పువ్వుకే కాదు, దాదాపు జెముళ్లన్నిటికీ ఉన్న గుణం. మిగతా మొక్కలు పగలు తమ పత్ర రంధ్రాలు తెరిచి గాలి తీసుకుంటే, ఇవి ఎండలో నీరు ఆవిరైపోకుండా పగలు మూసుకొని రాత్రి తెరుస్తాయి. రాత్రి తీసుకున్న బొగ్గుపులుసు వాయువును ఆమ్లంగా మార్చి దాచుకొని, పగలు ఎండలో ఆ ఆమ్లాన్ని వాడుకొని ఆహారం తయారు చేసుకుంటాయి. దీనికి రుజువు మన పెరట్లోని రణపాలలో దొరుకుతుంది. అది జెముడు కాకపోయినా ఇదే పద్ధతిలో బతుకుతుంది. తెల్లవారుజామున దాని ఆకు కొరికితే పుల్లగా ఉంటుంది, మధ్యాహ్నానికి చప్పబడుతుంది. ఈ తేడాను గమనించి, అది అచ్చులోకి రావడానికి కారణమైన వ్యక్తి బెంజమిన్ హైన్. విలియం రాక్స్‌బరో అనే వృక్షశాస్త్రజ్ఞుడి తరువాత మన సామర్లకోటలోని మొక్కల తోటలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడాయన. ఆ సంగతి వివరించిన ఆయన లేఖ లండన్‌లోని లిన్నియన్ సొసైటీ సంపుటంలో 1815లో అచ్చయింది. మొక్కల గురించిన ఒక పెద్ద శాస్త్రీయ విషయానికి తొలి ఆనవాళ్లలో ఒకటి ఒక ఆకును పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నమిలి చూడడంలో దొరికిందంటే, పెరటి తోటలో చూసే చూపుకు ఎంత విలువ ఉందో ఊహించండి.

పగటిపూట పూసేవాటిలో నాకు అన్నిటికంటె ఇష్టమైనది నాగజెముడు. పడగల వంటి దాని కాండం అంచున ఉదయం పసుపుగా విచ్చిన పువ్వు సాయంత్రానికి నారింజ ఛాయకు తిరుగుతుంది. తేనెటీగలు ఆ పువ్వులో దూరి పుప్పొడిలో పొర్లడం చూడవలసిన దృశ్యం. వాటి కాళ్లు తగలగానే కేసరాలు లోపలికి ముడుచుకొంటాయి. ఈనెపుల్ల కొసతో మెల్లగా తాకినా అలాగే కదులుతాయి. పక్కింటి పిల్లవాడికి ఈ సంగతి చూపించిన నాటి నుంచి వాడు బడికి వెళ్లే ముందు మా మిద్దె ఎక్కి ఒక పువ్వును తాకి చూసి గాని వెళ్లడం లేదు. మా చిన్నతనంలో ఊరి బయట కంచెల నిండా ఈ పండ్లు ఉండేవి. వాటి మీది నూగుముళ్లను రాతికి రుద్ది పోగొట్టి తింటే నోరంతా ఎర్రబడేది. కరువు రోజుల్లో నాగజెముడు మట్టల ముళ్లు కాల్చి పశువులకు వేసేవారని మా అవ్వ చెప్పేది. అంతకు ముందు ఇంకా విస్తారంగా ఉండిన ఆ మొక్క ఎందుకు తగ్గిపోయిందో నాకు మా కుండీలోనే తెలిసింది.

నాలుగేళ్ల కిందట ఆ నాగజెముడు మట్టల మీద దూదిపింజల వంటి తెల్లని ముద్దలు కనిపించాయి. బూజు అనుకొని పుల్లతో తీయబోతే చిక్కని ఎర్రటి రంగు కారింది. రక్తమేమోనని మొదట ఉలిక్కిపడ్డాను. అది కాకినీల్ అనే పురుగుల జాతి. ఆ జాతిలో మేలైన పురుగు నుంచి తీసే ఎర్రరంగు ఒకప్పుడు ప్రపంచ వ్యాపారంలో ఎంతో ఖరీదైనది. ఆ రంగును మన తీరంలో తయారు చేయాలని మద్రాసులో జేమ్స్ ఆండర్సన్ అనే వైద్యుడు 1780లలో ఎంతో ప్రయత్నించి, సైదాపేటలో జెముడు తోట కూడా వేయించాడు. 1795లో బ్రెజిల్ నుంచి కలకత్తాకు పురుగులు వచ్చాయి గాని, అవి మేలైన రంగునిచ్చే జాతికి చెందినవి కావు. రంగు వ్యాపారం సాగలేదు. ఆ పురుగులు మాత్రం ఒక రకం జెముడును పొలాల నుంచి దాదాపు తుడిచిపెట్టేశాయి. నాగజెముడును అవి ముట్టలేదు. దాని కోసం 1926లో శ్రీలంక నుంచి మరొక జాతి కాకినీల్‌ను దక్షిణ భారతానికి తెచ్చి వదిలారు. ఐదారేళ్లలో సుమారు 40,000 హెక్టార్ల, అంటే లక్ష ఎకరాల దాకా భూమిలో నాగజెముడు అణగిపోయింది. మందు చల్లకుండా, పురుగును పెట్టి కలుపును అణచడంలో ప్రపంచంలోనే తొలి ఉదాహరణల్లో ఇది ఒకటిగా చెబుతారు. మా కుండీలోని ముద్దలను నేను కడిగివేయలేదు. ఒక మట్టను వాటికే వదిలి, మిగతావాటిని వేరే కుండీలో నాటి దూరంగా పెట్టాను. ఇంత చరిత్ర ఉన్న ప్రాణిని చీపురుతో ఊడ్చివేయడానికి మనసు ఒప్పలేదు.

ఇక్కడ ఒక తేడా చెప్పవలసి ఉంది. తెలుగులో జెముడు అన్న మాట రెండు వేరు వేరు కుటుంబాల మొక్కలకు వాడుతున్నాం. నాగజెముడు కాక్టస్, అది అమెరికా ఖండాల నుంచి వచ్చింది. మన కొండల్లో సహజంగా పెరిగే బొంతజెముడు, ఆకుజెముడు, పొలం గట్ల మీద కంచెగా పెంచే కాడజెముడు యుఫోర్బియా జాతివి; గిల్లితే తెల్లని పాలు కారతాయి. కాక్టస్ ముళ్లు చిన్న దూది దిండు వంటి చుక్క నుంచి గుత్తిగా లేస్తాయి, యుఫోర్బియాలకు ఆ దిండు ఉండదు. ఈ తేడా ఎవరికి తెలిసినా తెలియకపోయినా, జెముడు పాలు కంటిలో పడితే చూపుకే ప్రమాదమన్న సంగతి మాత్రం పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలి. కాడజెముడును ఇప్పుడు అలంకారపు మొక్కగా అమ్ముతున్నారు. దాన్ని కత్తిరించేటప్పుడు కళ్లకు అద్దాలు పెట్టుకోవాలనీ, చేతులు సబ్బుతో కడుక్కోకుండా ముఖం తాకకూడదనీ అమ్మేవారు చెప్పాలి.

ముళ్ల మొక్క ఇంట్లో ఉంటే కలహాలు వస్తాయని వాస్తు పేరు చెప్పి చాలామంది వీటిని దూరం పెడతారు. అలా అన్న మా బంధువులతో నేను వాదించలేదు. వారి గడప పక్కన పూజలందుకుంటున్న బ్రహ్మకమలం కూడా ఈ కుటుంబంలోనిదేనని మాత్రం చెప్పాను. ఇద్దరు ముగ్గురు ఆశ్చర్యపోయి, మా మిద్దె ఎక్కి ఎకినాప్సిస్ పువ్వును చూశారు. అది టెంకాయంత గుండ్రని జెముడు. దాని పక్క నుంచి బొచ్చుతో నిండిన ఒక ముద్ద బయటికి వచ్చి, మూరలో సగం పొడవున సాగి, ఒక సాయంత్రం గులాబీ కలిసిన తెలుపుతో విచ్చుకొని, మరునాటి మధ్యాహ్నానికి వాడిపోతుంది. మామిల్లారియా అనే మరో జెముడు అయితే తల చుట్టూ చిన్న పూలతో కిరీటం పెట్టుకున్నట్టుంటుంది. చూసినవారిలో ఒకరు పిలకలు అడిగి తీసుకువెళ్లారు.

మా తోటలో అందరినీ ముక్కు మూసుకొనేలా చేసేది స్టపీలియా. అది ఆఫ్రికా దక్షిణ భాగపు మొక్క. జెముడులా కనిపించినా కాక్టస్ కాదు, మన జిల్లేడుకు చుట్టం. అరచేతికంటె పెద్దదైన నక్షత్రం వంటి పువ్వు, దాని మీద పచ్చి మాంసం పోలిన చారలు, కుళ్లిన వాసన. ఈగలు దాన్ని చచ్చిన జంతువు అనుకొని వచ్చి గుడ్లు పెట్టడం నేను భూతద్దంతో చూశాను. ఆ గుడ్ల నుంచి వచ్చిన పిల్లలకు తిండి దొరకదు. పువ్వు పని మాత్రం నెరవేరుతుంది. ఈ మొక్కను చూసిన ఒక గొర్రెల కాపరి, ఇట్లాంటిది మా కొండమీద కూడా ఉందమ్మా, మేము తింటాం అన్నాడు. అతని వెంట వెళ్లి చూసిన దానితో నాకు మరొక లోకం తెరుచుకుంది.

అది మన సొంత మొక్క. పెనుకొండ, గుత్తి వైపు రాతి గుట్టల్లో ముళ్ల పొదల నీడన, నాలుగు పలకల వేలెడు లావు కొమ్మలతో, వానలు పడ్డాక చిన్న ఊదారంగు పూలతో కనిపిస్తుంది. కుందేటి కొమ్ములు అంటారు. కాపరులు దాహం, ఆకలి తెలియకుండా పచ్చిగానే నములుతారు. ఉప్పు, మిరపకాయ వేసి పచ్చడి కూడా చేస్తారు. సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు మొక్కలకు బొమ్మలు గీయించిన విలియం రాక్స్‌బరో, ఈ జాతి మొక్కకు ఇక్కడి జనం చెప్పిన తెలుగు పేరు కారల్లం అని రాసుకున్నాడు. ఆ తెలుగు మాట నుంచే ఈ ప్రజాతికి కారల్లూమా అన్న శాస్త్రీయ నామం ఏర్పడింది. ఇవాళ లండన్‌లో, టోక్యోలో, ఏ వృక్షశాస్త్ర గ్రంథం తెరిచినా కనిపించే ఆ లాటిన్ పేరు లోపల మన మాట ఉంది. ముప్పై ఏళ్లు తెలుగు చెప్పిన నాకు ఈ సంగతి పదవీ విరమణ చేశాక గాని తెలియలేదన్న బాధ ఈ రోజుకీ ఉంది. తెలిసి ఉంటే ఎంతమంది పిల్లలకు చెప్పి ఉండేదాన్నో. బరువు తగ్గించే మాత్రల కోసం ఈ జాతి మొక్కల సారాన్ని వాడుతున్నారు గనుక వీటికి గిరాకీ ఏర్పడింది. వేళ్లతో సహా పెకలించి సంచుల్లో నింపితే మా గుట్టల మీద అది మిగలదు. నేను ఒక్క కొమ్మ తెచ్చి నాటుకున్నాను. అది ఇప్పుడు నాలుగు కుండీలయింది.

విదేశీ జెముళ్ల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. బంగారు ముళ్ల బంతిలా ఉండే గోల్డెన్ బ్యారెల్ ప్రపంచంలో ప్రతి నర్సరీలోనూ దొరుకుతుంది. మెక్సికోలో దాని సొంత లోయల్లో మాత్రం అది అంతరించే ప్రమాదంలో ఉంది. 1990లలో కట్టిన ఒక జలాశయం కింద వాటి నెలవులు కొన్ని మునిగిపోయాయి, మిగిలినవాటిని తవ్వి అమ్మేవారు తవ్వుకుపోయారు. కాక్టస్ కుటుంబంలో దాదాపు అన్నిటి అంతర్జాతీయ వ్యాపారానికి నిబంధనలు ఉన్నది ఇందుకే. కొనేవారు విత్తనంతోనో పిలకతోనో నర్సరీలో పెంచిన మొక్కనే అడగాలి. ఎర్రగా, పసుపుగా మెరిసే బుల్లి బంతి జెముళ్లు కొనేవారికి మరొక మాట. వాటిలో పత్రహరితం లేదు. కింద అంటు కట్టిన ఆకుపచ్చని కాండమే వాటికి అన్నం పెడుతున్నది. కొన్నేళ్లకు మించి అవి నిలవవని తెలిసి కొంటే, అవి పోయినప్పుడు తమ చేతి తప్పు అనుకొని బాధపడనక్కరలేదు.

పెంపకం గురించి చెప్పవలసింది కొంచెమే. జెముళ్లకు ఇసుక, ఇటుక ముక్కలు సగానికి పైగా కలిపిన మట్టి, అడుగున రంధ్రం, కింద పళ్లెం లేకపోవడం, మట్టి పూర్తిగా ఆరాకే నీరు, ఇంతే. బ్రహ్మకమలం మాత్రం అడవి నీడ నుంచి వచ్చింది గనుక దానికి చెట్టు నీడ, ఆకుల ఎరువు, కొంచెం తేమ కావాలి. కొమ్మ విరిచిన వెంటనే నాటకుండా గాయం ఆరేదాకా నాలుగైదు రోజులు నీడలో ఉంచి నాటాలి. రెండు మూడేళ్లు ఓపిక పడితే పూస్తుంది. మందులు చల్లవద్దని చేతులెత్తి నమస్కరించి అడుగుతున్నాను. మా నిలువు జెముడు ముళ్ల మధ్య ఒక గువ్వ జంట వరుసగా రెండేళ్లు నాలుగు పుల్లలు పేర్చి గూడు పెట్టింది. పిల్లి ఆ ముళ్లలోకి చేయి పెట్టలేకపోయింది. తేనెపిట్టలు నాగజెముడు పూల కోసం, పిగిలిపిట్టలు పండ్ల కోసం వస్తాయి. కరివేపాకు మీద పక్షి రెట్టలా కనిపించి మోసగించే గొంగళిపురుగు కొన్ని వారాల్లో నల్లని సీతాకోకచిలుకగా ఎగిరిపోతుంది. ఆ నాలుగు ఆకులు పోయినందుకు మా ఇంటి చారుకు ఏ లోటూ రాలేదు.

ఇప్పుడు మీకు నా విన్నపం. ఈ పూల ఫోటోలు వేయడం మానవద్దు. ఇంకా ఎక్కువ వేయండి. దాని కింద రాసే వాక్యంలో, బ్రహ్మకమలం అని పిలుచుకొనే నిశాగంధి, ఇది రాత్రి పూసే జెముడు అని ఒక్క ముక్క చేర్చండి. పూసిన తేదీ, విచ్చుకున్న వేళ, దాని దగ్గరికి వచ్చిన పురుగు లేదా పక్షి వివరం కూడా పంపమని పాఠకులను అడగండి. వారానికి ఒకసారి నాలుగు అంగుళాల చోటు ఇస్తే చాలు. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా ఏ ఊళ్లో ఏ వారం ఏ పువ్వు పూసిందో, ఏ చిమ్మట ఎక్కడ కనిపించిందో పదేళ్ల పాటు పోగుచేసుకుంటే, అది ఏ పరిశోధకుడికైనా ఉపయోగపడే పుస్తకం అవుతుంది. ఆ స్థలానికి కారల్లం అని పేరు పెడితే నాకు మరీ సంతోషం.

మా కుండీలో ఇప్పుడు ఏడు మొగ్గలున్నాయి. వాటిలో నాలుగు నిన్నటి నుంచి మెడలు పైకి ఎత్తాయి గనుక వచ్చే రెండు రాత్రుల్లో విచ్చుకుంటాయి. ఈ ఉత్తరం అందేనాటికి అవి వాడిపోయి ఉంటాయి గాని, మిగిలిన మూడింటికి ఇంకా పది రోజుల గడువు ఉంది. మీ విలేఖరి గారిని పంపితే, లైటు ఆర్పేసి, చీకట్లో మాతో పాటు పదకొండు దాకా కూర్చోవడానికి ఓపిక తెచ్చుకొని రమ్మనండి. కాఫీ మేమే ఇస్తాం.

భవదీయురాలు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని,
అనంతపురం.